నాలుగు వరసలు, ఐదు గడులు

నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టే గేమ్ మెషీన్ రోజుల్లో జపాన్‌లో చదువుకున్న పిల్లల్ని ఎవర్నైనా పట్టుకుని జంప్ అల్టిమేట్ స్టార్స్ గురించి అడగండి. అది ఫైటింగ్ గేమే అయినా, వాళ్ళు మొదట మాట్లాడేది కొట్లాట గురించి కాదు, డెక్ గురించి, అంటే ఆటకి ముందు మనం పేర్చుకునే జట్టు గురించి. "నీ డెక్‌లో ఎవరుండేవాళ్ళు?" అని మిమ్మల్నే ఎదురడుగుతారు. నేనూ ఆ బాపతే. ఇన్నేళ్ళయినా నా డెక్‌లో ఏ మూల ఎవరున్నారో ఇప్పటికీ చూడకుండా చెప్పగలను.

ఆ ఆట 2006 నవంబరు 23న విడుదలైంది. గురువారం, పైగా జపాన్‌లో జాతీయ సెలవు. అదే ఏడాది వసంతంలో మేం విజయవాడ నుంచి టోక్యో వెళ్ళాం. నాన్నకి ఆన్‌సైట్ వచ్చింది. ఎడొగావా వార్డులో నిషి-కసాయ్ అనే చోట ఉండేవాళ్ళం. టోక్యోలో మన దేశం వాళ్ళు ఎక్కువగా కనిపించే పేట అది. టోజాయ్ మెట్రో ఎక్కితే ఊరి మధ్యలో ఉన్న ఆఫీసులకి నేరుగా వెళ్ళిపోవచ్చు, అందుకే సాఫ్ట్‌వేర్ వాళ్ళంతా అక్కడ చేరారు. ఇండియన్ స్కూల్లో కాకుండా దగ్గర్లో ఉన్న ప్రభుత్వ బడిలో వేశారు నన్నూ చెల్లినీ. నేను నాలుగో క్లాసు, అది రెండో క్లాసు. భాష రాదు. టీచర్ చాలా మంచావిడ, పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించేది. కానీ ఇంటర్వెల్‌లో టీచర్ ఉండదు కదా.

ఆ క్లాసులో వాళ్ళకీ నాకూ ఉమ్మడిగా తెలిసిన మనిషి ఒక్కడే, గోకూ. విజయవాడలో స్కూలు నుంచి రాగానే కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ జీ చూసేవాణ్ణి. నా పక్క బెంచీ కుర్రాడి పెన్సిల్ బాక్సు మీద గోకూ బొమ్మ ఉంది. దాని మీద వేలు పెట్టి "గోకూ" అన్నాను. వాడు కళ్ళు పెద్దవి చేసి "వెజీటా" అన్నాడు. నేను "పిక్కొలో" అన్నాను. అలా పేర్లు అయిపోయేదాకా చెప్పుకున్నాం. నాకు జపాన్‌లో మొదటి స్నేహితుడు వాడే. ఇక్కడ వాడి పేరు రాయను, ఇది చదివితే వాడికే తెలుస్తుంది.

ఆ ఏడాది మార్చిలో డీఎస్ లైట్ అనే కొత్త మోడల్ వచ్చింది. షాపుల్లో స్టాకు ఉండేది కాదు. వచ్చినట్టు తెలిస్తే జనం క్యూ కట్టేవాళ్ళు. మా ఇంటికి శీతాకాలం సెలవుల ముందు వచ్చింది, తెల్లది. దాంతోపాటు ఏ గేమ్ కావాలని నాన్న అడిగితే నేను ఆలోచించనే లేదు. క్లాసులో అప్పటికే సగం మంది మగపిల్లల దగ్గర ఆ గేమే ఉంది.

ఇంతకీ అదేం ఆటో చెప్పాలి.

జపాన్‌లో షూయేషా అనే ప్రచురణ సంస్థ 1968 నుంచి షోనెన్ జంప్ అనే పత్రిక వేస్తోంది. టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, చవక కాగితం, వారం వారం ఇరవై దాకా సీరియల్ బొమ్మల కథలు, వీటినే మాంగా అంటారు. డ్రాగన్ బాల్, స్లామ్ డంక్, వన్ పీస్, నరుటో, బ్లీచ్, యూ-గి-ఓ అన్నీ అందులో వచ్చినవే. వేర్వేరు రచయితలు, వేర్వేరు ప్రపంచాలు, పుట్టిల్లు మాత్రం ఒకటే. ఆ హీరోలందర్నీ ఒకే చోట చేర్చి కొట్లాడించే ఆట ఇది. ఫుకుఓకాలో ఉండే గన్‌బారియన్ అనే కంపెనీ తయారుచేసింది. అంతకుముందు వన్ పీస్ ఫైటింగ్ గేములు చేసిన అనుభవం వాళ్ళకుంది. నింటెండో స్వయంగా మార్కెట్లోకి తెచ్చింది. 2005 ఆగస్టులో జంప్ సూపర్ స్టార్స్ పేరుతో మొదటిది వచ్చింది, అందులో 27 మాంగాలు. ఏడాది తిరిగేసరికి వచ్చిన ఈ రెండోదానిలో 41. మొత్తం పాత్రలు మూడు వందల పైచిలుకు.

మన దగ్గర ఇద్దరు పెద్ద హీరోలు ఒకే సినిమాలో కనిపిస్తున్నారంటే చాలు, ఎవరికెన్ని సీన్లు, ఎవరి ఫైటు ముందు అని అభిమానులు లెక్కలు కడతారు. 41 కథల హీరోల్ని ఒక చిన్న గేమ్ కార్డులో పెట్టి, ఎవరికీ అన్యాయం జరగలేదనిపించడం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తయారీదారుల మీద గౌరవం పెరుగుతోంది. ఎందుకంటే వాళ్ళు ఆ లెక్క కట్టే పనిని ఆడేవాడి చేతికే వదిలేశారు.

డీఎస్‌కి రెండు స్క్రీన్లు. పైదాంట్లో కొట్లాట. కిందది టచ్ స్క్రీన్, దాని మీద మన డెక్. నాలుగు వరసలు, వరసకి ఐదు గడులు, మొత్తం ఇరవై. ఈ ఇరవై గడుల్లో మాంగా ముక్కలు పేర్చుకోవాలి. ముక్కలంటే ఆట కోసం కొత్తగా వేసిన బొమ్మలు కావు. పత్రికలో అచ్చయిన పేజీల్లోంచి తీసిన అసలు ప్యానెళ్ళు, అంటే పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గళ్ళు, ఆ రచయిత చేతి గీతలతో సహా. ఆటలో వాటిని కొమా అంటారు. ఒక్క గడి పట్టే కొమా చిన్న సాయం చేస్తుంది. రెండు మూడు గడులదైతే, దాని మీద నొక్కగానే ఆ పాత్ర పై స్క్రీన్లోకి ఒక్క క్షణం దూకి, దెబ్బ వేసి వెళ్ళిపోతుంది. నాలుగు నుంచి ఎనిమిది గడులు ఆక్రమించే కొమాల్లో ఉన్నవాళ్ళే మనం స్వయంగా ఆడించే వీరులు. కొమా పెద్దదయ్యేకొద్దీ వీరుడి బలమూ పెరుగుతుంది. నాలుగు గడుల గోకూ మామూలు గోకూ. ఇంకా పెద్ద కొమా పెడితే జుట్టు బంగారు రంగుకి తిరిగి సూపర్ సయాన్ అయిపోతాడు. అయితే అంత చోటు ఒక్కడికే ఇచ్చేస్తే మిగతావాళ్ళకి ఏం మిగులుతుంది? మొత్తం కిటుకు ఇక్కడే ఉంది.

పైగా కొమాలన్నీ చక్కని చతురస్రాలు కావు. కొన్ని నిలువు, కొన్ని అడ్డం, కొన్నిటికి ఒక పక్క మెట్టు విరిగినట్టు ఉంటుంది. తిప్పి పెట్టడం కుదరదు. మాంగా గీసినవాడు ఆ ప్యానెల్‌ని ఎలా పెట్టాడో అలాగే ఉండాలి. సంబంధం ఉన్నవాళ్ళని పక్కపక్కన పెడితే వీరుడికి బలం పెరుగుతుంది. అంటే వన్ పీస్ హీరో లూఫీకి ఆనుకుని అతని ఓడ మనుషుల్ని సర్దాలి, నరుటో పక్కన అతని ఊరివాళ్ళని సర్దాలి. మళ్ళీ వీరులందరికీ మూడు స్వభావాలు ఉంటాయి, బలం, తెలివి, నవ్వు. రాయి-కాగితం-కత్తెరలా ఒకటి ఇంకొకదాని మీద నెగ్గుతుంది. కాబట్టి డెక్ నిండా బలవంతుల్నే పెట్టినా ఓడిపోవచ్చు. తీరా అన్నీ కుదిరాయనుకునేసరికి కుడివైపు కింది మూల ఒక్క గడి ఖాళీగా మిగిలేది. దానికి సరిపోయే పాత్ర కోసం మొత్తం డెక్ విప్పి మళ్ళీ కట్టేవాణ్ణి.

మా ఇంట్లో ఈ పనిలో అసలు నిపుణురాలు మా చెల్లి. దానికి కొట్లాట పెద్దగా పట్టేది కాదు. నేను అన్నానికి లేస్తే డీఎస్ అందుకుని, స్టైలస్‌తో నా డెక్ సర్దుతూ కూర్చునేది. "అన్నయ్యా, నువ్వు సాంజీని పైకి తోసి నామీని పక్కకి జరిపితే ఇక్కడ ఇంకొకళ్ళు పడతారు చూడు" అనేది. చూస్తే నిజంగానే పడేవాళ్ళు. దాని సొంత డెక్‌కి నాయకురాలు ఎప్పుడూ డాక్టర్ స్లంప్‌లోని అరాలే. కళ్ళద్దాలు, టోపీ పెట్టుకున్న ఆ రోబో పిల్ల గోకూనీ వెజీటానీ ఒక్క గుద్దుకి ఎగరగొడుతుంటే చెల్లి మంచం మీద నిలబడి చప్పట్లు కొట్టేది. అరాలేనీ గోకూనీ సృష్టించింది ఒకే మనిషి, తొరియామా అకిరా అని దానికి నేను చెప్పినప్పుడు, "అయితే ఆయనకి కూడా అరాలేనే ఎక్కువ ఇష్టం అయ్యుంటుంది" అని తేల్చేసింది.

పై స్క్రీన్లో కొట్లాట జరిగే చోటు కూడా మాంగా పేజీయే. నేలా గోడలూ అన్నీ పేజీలోని ప్యానెళ్ళ అంచులు. ఎదుటివాణ్ణి గట్టిగా కొడితే వాడు వెళ్ళి ఆ గీతకి తగులుతాడు. గీత పగులుతుంది. మళ్ళీ కొడితే గీత విరిగి, వాడు పక్క ప్యానెల్లోకో, పేజీ బయటికో పడిపోతాడు. నేను ఇప్పటికీ ఫైటింగ్ గేములు ఆడుతూనే ఉన్నాను, బొమ్మలు నిజం మనుషుల్లా కనిపించేవి కూడా. కానీ పేజీ అంచు విరగ్గొట్టుకుని ఒక మనిషి బయటపడటం చూసినప్పుడు కలిగిన ఆనందం మరే ఆటలోనూ నాకు దొరకలేదు.

ఒకేసారి నలుగురు ఆడొచ్చు, తీగలేమీ అక్కర్లేకుండా. బడికి డీఎస్ తేవడం నిషేధం కాబట్టి ఇంటికెళ్ళి బ్యాగు పడేసి, డాంచీ అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న పార్కులో కలిసేవాళ్ళం. జారుడుబల్ల కింద నీడలో నలుగురం గుండ్రంగా కూర్చుంటాం, ఒకరి మొహం ఒకరు చూసుకోం, అందరి తలలూ కిందికే. అయినా నోళ్ళు మాత్రం ఆగేవి కావు. నేను మాట్లాడే జపనీస్‌లో సగం ఆ జారుడుబల్ల కింద వచ్చిందే. ఇంకో సగం ఆటలోని మిషన్ల నుంచి. ఒంటరిగా ఆడేటప్పుడు ఒక్కో మిషన్‌కీ షరతులుంటాయి. ఇంత టైమ్‌లో గెలవాలి, ఫలానా పాత్రతోనే ఓడించాలి, ఇలాంటివి. షరతు అర్థం కాకపోతే ఎంత బాగా కొట్టినా కొత్త కొమా దొరకదు. కాబట్టి చదవక తప్పేది కాదు. అర్థంకాని వాక్యాన్ని నోటుబుక్కులో బొమ్మ గీసినట్టు ఎక్కించుకుని, మర్నాడు పక్క బెంచీ వాడికి చూపించేవాణ్ణి. వాడు చదివి, చేతులతో నటించి చూపించేవాడు.

సాయంత్రం చీకటి పడే వేళకి వార్డు లౌడ్‌స్పీకర్లలో పాట మోగేది, పిల్లలు ఇళ్ళకి వెళ్ళే టైమైందని. ఆ పాట మొదలైతే ఆట ఏ దశలో ఉన్నా ఆపాలి. అదొక్కటే మాకు నచ్చని పాట.

ఒకసారి వాన పడి ఆ పక్క బెంచీ వాడింట్లో ఆడుతున్నాం. ఆదివారం, వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉన్నారు. మామూలుగా ఎక్కువ మాట్లాడని మనిషి. వెనక నుంచి వెళ్తూ నా స్క్రీన్ చూసి ఆగిపోయారు. "కెన్షిరో ఉన్నాడా ఇందులో?" అన్నారు. ఉన్నాడన్నాను. "కిన్నికుమాన్?" ఉన్నాడు. "సెయియా?" ఉన్నాడు. ఆయన కాఫీ కప్పు పట్టుకునే మా పక్కన నేల మీద కూర్చున్నారు. మొదటి ఆటలో వీళ్ళెవరూ లేరు, రెండోదానిలోనే పాతతరం వాళ్ళని చేర్చారు. కెన్షిరో కథ 1983లో మొదలై 1988 దాకా వచ్చింది. కిన్నికుమాన్ అంతకంటే పాతది, 1979లో మొదలైంది. ఆ రోజుల్లో ఆయన మా వయసు పిల్లాడు.

కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చారు. నిండా వేలెడంత రబ్బరు బొమ్మలు. కిన్నికుమాన్‌లోని కుస్తీ వీరులు, ఒకటే రంగు పోతపోసినట్టు. 1980ల్లో జపాన్‌లో మగపిల్లలందరూ వీటి వెనకే పడ్డారట. కాలంతో జిడ్డుపట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన ఒక్కొక్కటీ విడదీసి, పేరు చెప్పి, తివాచీ మీద నిలబెట్టారు. ఒకదానికి చెయ్యి లేదు. అది ఎలా పోయిందో, ఎవరు కొరికారో కూడా ఆయనకి గుర్తుంది. అప్పుడు మేం ఆయన చేతికి డీఎస్ ఇచ్చాం. ఆయన నా డెక్‌లోంచి ఎవర్నీ తీయకుండా, కెన్షిరో కొమా మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. ఆ ప్యానెల్ ఏ సందర్భంలోదో, దాని ముందు ఏం జరిగిందో, ఆ వారం పత్రిక ఎక్కడ కొన్నారో చెప్పడం మొదలుపెట్టారు. నా జపనీస్‌కి అందులో కొంతే అందింది. కానీ తండ్రిని వాడు అంత ఆశ్చర్యంగా చూడటం నాకు స్పష్టంగా గుర్తుంది.

ఆయనే చెప్పారు, 1994 చివర్లో జంప్ ఒక్క సంచిక 65 లక్షల కాపీలు దాటి అచ్చయిందని, అప్పట్లో రైల్లో ఎటు చూసినా ఎవరో ఒకరి చేతిలో అదే ఉండేదని. మరుసటి ఏడాదే డ్రాగన్ బాల్ ముగిసింది, ఆ తర్వాతి ఏడాది స్లామ్ డంక్. ఇలా హీరోలందర్నీ కలిపే ఆట కూడా కొత్తేం కాదట. పత్రికకి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 1989లో నింటెండో వాళ్ళ పాత గేమ్ మెషీన్ ఫామికామ్ మీద ఒకటి వచ్చింది. దాని కోసం డబ్బులు దాచుకున్నారట ఆయన.

నాకు మాత్రం అంతా తలకిందులుగా జరిగింది. ఆయన కథ చదివి, ఆ తర్వాత ఆటలో ప్యానెల్ చూశారు. నేను ముందు ప్యానెల్ చూశాను, కథ ఆ తర్వాత. స్లామ్ డంక్ కథేంటో తెలియకుండానే సకురాగి హనామిచిని నెలల తరబడి డెక్‌లో మోశాను. బాస్కెట్‌బాల్ కుర్రాడు కాబట్టి వీరుడిగా ఆడించలేం, మధ్యలో వచ్చి సాయం చేసి పోయేవాడు. ఫుట్‌బాల్ ఆడే త్సుబాసా, టెన్నిస్ ఆడే ర్యోమా కూడా అంతే. మంత్రాలూ కత్తులూ ఉన్నవాళ్ళ మధ్యలోకి బంతితో వచ్చే ఈ మామూలు మనుషులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. వాళ్ళెవరో తెలుసుకోవాలనిపించింది.

ఇంటి దగ్గర బుక్-ఆఫ్ ఉండేది, పాత పుస్తకాల షాపు. ఒక్కో మాంగా సంపుటం 105 యెన్లకి దొరికే అలమరాలు ఉండేవి అక్కడ. వంద యెన్లు ధర, ఐదు టాక్సు. కొనకుండా నిలబడి చదువుకున్నా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అలమరాల పొడుగునా పిల్లలూ, కోటు వేసుకున్న ఉద్యోగస్తులూ వరసగా నిలబడి చదువుతుండేవాళ్ళు. అమ్మ పక్కన సూపర్ మార్కెట్‌లో కూరలు తీసుకునేలోపు నేనూ ఆ వరసలో దూరేవాణ్ణి. జంప్ కథల్లో కష్టమైన అక్షరం పక్కనల్లా సన్నగా దాని ఉచ్చారణ అచ్చువేస్తారు, చిన్నపిల్లలు చదువుకోవడానికి. అది పట్టుకుని నెమ్మదిగా స్లామ్ డంక్ 31 సంపుటాలూ పూర్తిచేశాను. కొన్ని అక్కడే, కొన్ని కొనుక్కుని.

అలా చదువుతుండగా ఒక పేజీ తిప్పేసరికి ఎడమవైపు కింది మూల, నా డెక్‌లోని సకురాగి! అదే మొహం, అదే కోణం. గుండె ఝల్లుమంది. ఇన్నాళ్ళూ అది బాగా కోపంలో ఉన్న మొహం అనుకున్నాను. ముందు పేజీలు చదివొచ్చాక తెలిసింది, అది కోపం కాదు. ఓడిపోతామన్న భయాన్ని పళ్ళ మధ్య నొక్కిపెట్టిన మొహం అది. ఆ ప్యానెల్ పేజీలో నేననుకున్నదానికంటే చాలా చిన్నది కూడా. ఇంటికెళ్ళి డీఎస్ తెరిచి ఆ కొమాని మళ్ళీ చూశాను. ఇక దాన్ని డెక్‌లోంచి తీయడం నా వల్ల కాలేదు, దాని బదులు ఇంకొకరిని పెడితే ఆట సులువవుతుందని తెలిసినా సరే.

ఆ తర్వాత చాలా మాంగాల్లో ఇలాగే జరిగింది. ఆటలో రోజూ వేలితో తాకే ముక్క, ఎక్కడో ఒక సంపుటంలో తన అసలు స్థానంలో ఎదురయ్యేది. ముందూ వెనకా ఉన్న ప్యానెళ్ళతో కలిపి చూస్తే దాని అర్థమే వేరుగా ఉండేది. అసలీ ఆటని నేనింతగా ప్రేమించడానికి కారణం ఇదేనని ఇప్పుడనిపిస్తుంది. అది నన్ను పేజీల దగ్గరికి పంపింది. మూడు వందల మంది పరిచయస్తుల్ని ఇచ్చి, పోయి వాళ్ళ ఇళ్ళు వెతుక్కోమంది.

ఒకరి ఇల్లయితే నిజంగానే వెతుక్కున్నాం. కోచికామే అనే హాస్య మాంగాలో ర్యోట్సు కాన్కిచి అని పోలీసు కానిస్టేబుల్ ఉంటాడు. కలిసిపోయిన కనుబొమ్మలు, చెప్పులేసుకుని తిరిగే మనిషి, ఎప్పుడూ ఏదో ఒక డబ్బు సంపాదించే ఎత్తుగడ. ఆటలో అతనూ పూర్తిస్థాయి వీరుడే, సూపర్ సయాన్లతో సమానంగా కొట్లాడతాడు. ఆ కథ జరిగే కామెఅరి నిజమైన పేట, మేముండే వార్డుకి పక్క వార్డులోనే ఉంది. స్టేషన్ బయట అతని కంచు విగ్రహం పెట్టారు. నాన్నని బతిమాలి ఒక ఆదివారం వెళ్ళాం. చెల్లి ఆ విగ్రహం పక్కన సెల్యూట్ కొట్టి ఫోటో దిగింది. ఆ ఫోటో విజయవాడలో అమ్మమ్మ వాళ్ళ షోకేసులో చాలాకాలం ఉంది. వచ్చినవాళ్ళు ఎవరా పోలీసాయన అని అడిగితే, "అక్కడ పెద్ద ఆఫీసరేమోనమ్మా" అని చెప్పేదట అమ్మమ్మ. కోచికామే 1976లో మొదలై, ఒక్క వారం కూడా తప్పకుండా 40 ఏళ్ళు నడిచి, 2016లో 200 సంపుటాలతో ముగిసింది.

2011 మార్చి భూకంపం తర్వాత మేం ఇండియాకి తిరిగొచ్చేశాం. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. హడావుడిగా సర్దుకున్నాం, మాంగా పుస్తకాలు చాలావరకు ఆ స్నేహితుడికే ఇచ్చేశాను. డీఎస్ మాత్రం చేతి సంచిలో వచ్చింది. ఆ రోజుల్లోనే సెండాయ్‌లో షియోకావా అనే చిన్న పుస్తకాల షాపు గురించి వార్త వచ్చింది. రవాణా ఆగిపోయి కొత్త పత్రికలు రావడంలేదు. ఒకాయన యామగాతాలో తను కొనుక్కున్న జంప్ కాపీని ఆ షాపుకి ఇచ్చాడు. షాపాయన బయట కాగితం అంటించాడు, కొత్త జంప్ ఉంది, చదువుకోవచ్చని. ఊరు ఊరంతా అతలాకుతలమైన ఆ రోజుల్లో పిల్లలు వచ్చి, చేతులు మారుతూ, ఆ ఒక్క కాపీ అట్ట చిరిగేదాకా చదివారు. నాకు ఆ సంగతి స్నేహితుడే చెప్పాడు, మొదటిసారి మేం విజయవాడ నుంచి టోక్యోకి ఆన్‌లైన్‌లో ఆడిన రోజున, ఈమెయిల్లో.

అవును, రెండో ఆటలో ఇంటర్నెట్ మీద ఆడే వీలుంది. ఫ్రెండ్ కోడ్ అని పన్నెండు అంకెలు ఇచ్చిపుచ్చుకోవాలి. డీఎస్ పాతకాలం డబ్ల్యూఈపీ వైఫైకి తప్ప దేనికీ కలవదు. నాన్న రౌటర్ సెట్టింగులు మార్చి, "ఒక గంటేరా, తర్వాత మళ్ళీ మార్చేస్తాను" అనేవారు. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి వాడికి రాత్రయ్యేది. ఆటలో మాట్లాడుకోవడం ఉండదు. వాడు డెక్ మార్చాడంటే ఏదో కొత్త మాంగాలో పడ్డాడని నాకు అర్థమయ్యేది. 2014 మే 20న నింటెండో ఆ సర్వర్లని మూసేసింది. దానికి ముందు వారం మేం ఆడిన ఆటల్లో వాడు మళ్ళీ మా నాలుగో క్లాసు నాటి డెక్ పెట్టుకొచ్చాడు, మధ్యలో గోకూ, పక్కన పిక్కొలో, వెజీటా.

ఈ రెండు ఆటలూ జపాన్ దాటి అధికారికంగా ఎక్కడికీ రాలేదు. అయితే డీఎస్ ఆటలకి దేశం అడ్డు లేదు, జపాన్ కార్డు ఏ దేశం మెషీన్లో పెట్టినా నడుస్తుంది. అందుకే తెప్పించుకుని ఆడినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. అభిమానులు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చిన ప్యాచ్‌లు కూడా వచ్చాయి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ హాస్టల్లో చేరిన కొత్తలో, పక్క గది కుర్రాడి ల్యాప్‌టాప్‌లో, డీఎస్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ మీద ఆ నాలుగు వరసల డెక్ కనిపించేసరికి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వాడిది వరంగల్. జపాన్ చూడలేదు, జపనీస్ ముక్క రాదు. అయినా ఏ కొమా పక్కన ఏది పెట్టాలో నాకంటే బాగా తెలుసు. ప్యాచ్‌లో తర్జుమా కాకుండా మిగిలిపోయిన చోట్ల నేను చదివి చెప్పేవాణ్ణి. ఆ ఏడాది మా ఫ్లోర్‌లో చాలామందికి ఈ ఆట అంటుకుంది.

తర్వాత వచ్చిన ఆటలూ ఆడాను. 2014లో జే-స్టార్స్ విక్టరీ, 2019లో జంప్ ఫోర్స్. పెద్ద మైదానాలు, త్రీడీ బొమ్మలు. జే-స్టార్స్ మీద కొంత ఇష్టం ఉంది, అరాలే అందులోనూ ఉంది కాబట్టి. జంప్ ఫోర్స్‌లో మాత్రం గోకూ చర్మం, లూఫీ కళ్ళు నిజం మనుషుల్లా మెరిసేలా చేశారు, అది నాకు ఏమాత్రం నచ్చలేదు. 2022 ఫిబ్రవరిలో దాని డిజిటల్ అమ్మకాలు కూడా ఆపేశారు. వాటిలో హీరోలున్నారు, పేజీ లేదు. సిరా గీత లేదు, గడి లేదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న ఆలోచన లేదు. అంత డబ్బు పోసి చేసిన ఆటల కంటే రెండు చిన్న స్క్రీన్ల ఆట మాంగాని బాగా అర్థం చేసుకుందని నేను గట్టిగా నమ్ముతాను.

2024 మార్చిలో తొరియామా పోయారని వార్త వచ్చిన రాత్రి చెల్లి ఫోన్ చేసింది. ఇప్పుడు అది బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నయ్యా, డీఎస్ పనిచేస్తోందా?" అంది. పనిచేస్తోందన్నాను. "నా డెక్ చెరపలేదు కదా?" అంది. లేదు. 2006 నవంబరు నాటి జంప్ ఆ కార్డులో ఎలా ఉందో అలాగే ఉంది. నరుటో కథ ఇంకా ముగియలేదు, బ్లీచ్ హీరో ఇచిగో కథ ఇంకా ముగియలేదు, ర్యోట్సు ఇంకా ప్రతి వారం వస్తున్నాడు. చెల్లి డెక్‌లో అరాలే పై వరసలో ఎడమ చివర, దానికి ఆనుకుని గోకూ.

సర్వర్లు పోయినా దగ్గర కూర్చుని వైర్‌లెస్‌లో ఆడుకోవడానికి ఏ అడ్డూ లేదు. వరంగల్ కుర్రాడు ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో అసలు కార్డు తెప్పించుకున్నాడు. చెల్లి కూడా ఒకటి కొనుక్కుంది. సంక్రాంతికి అది వచ్చినప్పుడు కూకట్‌పల్లిలో మా ఇంట్లో ముగ్గురం ఆడాం. నాలుగో చోటు కంప్యూటర్‌కి ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా డీఎస్, ఈ కార్డు రెండూ ఉంటే చెప్పండి. మీ డెక్‌లో ఎవరున్నారో కూడా రాయండి.